సత్తు రేకు మీద కొండ

నర్సీపట్నం అబీద్ సెంటర్‌లో స్టీలు సామాన్ల కొట్టు మెట్ల పక్కన ఒక చెక్క పీట, దాని ముందు గోనెసంచి పరిచిన చిన్న బల్ల, బల్ల మీద కరెంటు పెన్ను. నూకరత్నం ఇరవై ఆరేళ్ళుగా అక్కడే కూర్చుంటోంది. పెళ్ళికి బిందె కొన్నా, గృహప్రవేశానికి పళ్ళెం కొన్నా, దాని మీద ఇచ్చేవాళ్ళ పేరు లేకపోతే ఇచ్చినట్టే కాదు. అందుకని కొన్నవాళ్ళు సామాను సంచీలో పెట్టుకునే ముందు ఆవిడ దగ్గర ఆగుతారు. పెన్ను గుర్రుమంటుంది. సూది చుక్క పక్కన చుక్క పెట్టుకుంటూ పోతుంది. రెండు నిమిషాల్లో పేరు స్టీలు మీద మెరుస్తుంది.

ఆవిడ తండ్రి రోజుల్లో పెన్ను లేదు. ఇత్తడి బిందెని ఒళ్ళో పెట్టుకుని, ఉలితో, అరచేతిలో పట్టేంత సుత్తితో పేరు కొట్టేవాడు. నూకరత్నం ముందు నేర్చుకున్నది ఆ పనే. పెన్ను వచ్చాక ఉలులు పక్కన పడ్డాయిగానీ, వాటికి తుప్పు పట్టకుండా ఏడాదికి రెండుసార్లు నూనె రాయడం ఆవిడ మానలేదు.

చెక్కిన పేరు చెరగదు. అందుకని పెన్ను ముట్టుకునే ముందు పేరు చీటీ మీద రాసి, కొన్నవాళ్ళ చేతికిస్తుంది. చాలామంది చదివి సరేనంటారు. కొందరు మాత్రం కళ్ళజోడు ఇంటి దగ్గర మరిచిపోయామంటారు. "ఓసారి సదివి యినిపించమ్మా," అంటారు. ఆవిడ చదువుతుంది. చెక్కాక వాళ్ళు బొటనవేలితో పేరు మీద మెల్లగా ఒకసారి తడిమి చూసుకుంటారు, ఎన్ని అక్షరాలున్నాయో లెక్క చూసుకున్నట్టు. చదువు రాదా అని ఆవిడ ఎవర్నీ ఎప్పుడూ అడగలేదు. ఆ అడక్కపోవడం కూడా ఆ పనిలో భాగమే అనుకునేది.

పక్క సందులో జోగులుది రేడియోలు, మైకుసెట్లు బాగుచేసే కొట్టు. గుళ్ళకీ, చర్చిలకీ, పెళ్ళిళ్ళ సౌండు సర్వీసులకీ యాంప్లిఫయర్లు సొంతంగా కడతాడు. లోపలి పనిలో అతనికి వంక పెట్టడానికి లేదు. ముందు పలక దగ్గరే వచ్చేది చిక్కు. స్టిక్కరు అక్షరాలు అతికిస్తే రెండు పండగలకి ఊడిపోయేవి. పదకొండేళ్ళ కిందట ఒకరోజు స్టీలు రేకు ఒకటి పట్టుకొచ్చి, అక్క వరస కలిపి, "అప్పా, బిందె మీద రాసినట్టు దీనిమీద వాల్యూమ్ అని రాసీ," అన్నాడు. అప్పట్నుంచి అతని సెట్టు ఏది బయటికెళ్ళినా పలక ఆవిడ చేతిదే.

ఆ మార్చి నెలలో ఒక మధ్యాహ్నం జోగులు ఒక పెద్ద సెట్టుని భుజానెత్తుకుని తెచ్చి బల్ల మీద దింపాడు.

"అప్పా, ఓ ప్లేటు గావాలి. బేగి."

"నీకెప్పుడు నిదానంగా గావాల్రా జోగులూ?"

"ఈసారి నిజంగానే. ఏజెన్సీలో మత్స్యరాజని, మైకు మనిషి. ముప్పై ఏళ్ళ నుంచి సుట్టుపక్కల పది ఊళ్ళకి ఆడే. పాత సెట్టు పాడైపోతే కమిటీవోళ్ళు ఇది కొన్నారు. ఇదిగో, ఈ తిప్పే మరలన్నీ ఒక్కలాగే ఉన్నాయి. అచ్చేసిన అక్షరాలు ఆరునెల్లకే సెమటకి పోయాయి. నిరుడు ఆళ్ళ సైత్రమాసం ఇటుకల పండగలో పూజారి మాటాడతన్నప్పుడు మైకు కీసుమంటే తగ్గించబోయి ఎకో పెంచీసాడట. పూజారి ఒక్కో మాటా మూడేసిసార్లు యినిపించిందట. జనం నవ్వీసారు. ఆ పూజారి మైకు ఇసిరికొట్టి ఎలిపోయాడట."

"అయితే?"

"అయితే ఏటి? ఈ ఏడు పాడేరు నుంచి ఎవుడో డీజే కుర్రోడ్ని ఎడతామంటన్నారు. మత్స్యరాజు బతిమాలితే, ముందు సెట్టు బాగుసేయించుకుని మా ఎదురుగా నడిపి సూపించు, అప్పుడు సూద్దారి అన్నాడట కమిటీ సెక్రెటరీ. పండగ మూడు వారాలుంది."

నూకరత్నం సెట్టుని తనవైపు తిప్పుకుంది. పలక ప్లాస్టిక్, ఒక మూల విరిగింది. ఆరు మరలు. ఎక్కడ పెడతారు, వాన పడుతుందా, దీన్ని ఎలా మోసుకెళ్తారు అని అడిగింది. పందిరి కింద పెడతారనీ, పండగనాటికి వానలుండవనీ, జీపు ఆగిన చోటి నుంచి మైలున్నర భుజం మీద మోయాలనీ జోగులు చెప్పాడు. ఈ మూడు ప్రశ్నలూ ఆవిడ ప్రతి పలకకీ అడిగేవే. పందిరికీ, మోయడానికీ పల్చటి స్టీలు సరిపోతుందని తేల్చింది. స్టీలు ఆవిడకి ఇరవై ఆరేళ్ళ చుట్టం. దాని మీద సూది ఎక్కడ జారుతుందో, ఎక్కడ నిలుస్తుందో కళ్ళు మూసుకుని చెప్పగలదు.

నాలుగు రోజులు తీసుకుంది. మైకు ఒకటి, మైకు రెండు, బాస్, ట్రెబుల్, ఎకో, వాల్యూమ్ అని తెలుగులో, నిండు అక్షరాలు. ప్రతి అక్షరానికీ రెండు గీతల అంచు, నడుమ సన్నటి చుక్కలు. మరల చుట్టూ సున్నా నుంచి పది దాకా అంకెలు. ఆ పలక చూసి కొట్టు షావుకారు, "రత్నంగారూ, దీన్ని తీసుకెళ్ళి మైకుకి బిగిస్తారేటండీ, గోడకి తగిలించుకోవాల," అన్నాడు. తన చేతి నుంచి అంత మంచి రాత రాలేదని ఆవిడకీ తెలుసు.

మత్స్యరాజు సోమవారం దిగాడు. అరవై దాటిన మనిషి, సన్నం, చొక్కా పై గుండీ దాకా పెట్టుకున్నాడు. జోగులు పలకని అతని చేతిలో పెట్టాడు. అతను దాన్ని రెండు చేతులా పట్టుకుని, వెలుతురుకి ఎత్తి చాలాసేపు చూశాడు.

"ఎంత బాగా సేసావమ్మా. ఎండి పల్లెంలాగున్నాది," అన్నాడు. తర్వాత పలక ఆవిడ వైపు చాపి, "కళ్ళజోడు ఊళ్ళో ఉండిపోయినాది. ఓసారి సదివి యినిపించమ్మా," అన్నాడు.

నూకరత్నం చదివింది. ఎడం నుంచి కుడికి ఆరూ చదివింది. అతను ఒక్కో మాటకీ తల ఊపి, బొటనవేలితో ఒక్కో పేరునీ మెల్లగా తడిమాడు.

అడక్కుండానే ఆవిడకి తెలిసిపోయింది. ముప్పై ఏళ్ళుగా ఈ మనిషి మరలని వాటి చోటుని బట్టి, వాటి ఆకారాన్ని బట్టి గుర్తుపెట్టుకుని నడిపాడు. పాత సెట్టులో ఒకటి పెద్దది, ఒకటి విరిగింది, ఒకటి బిగువు, అలా. కొత్త సెట్టులో అన్నీ ఒకటే. అక్షరాలు పోవడం వల్ల కాదు నిరుడు తప్పు జరిగింది. అవి ఉన్నరోజూ అతనికి లేనట్టే. తను నాలుగు రోజులు కూర్చుని చెక్కిన రాత ఇతనికి ఎందుకూ పనికిరాదు.

"ఇటియ్యి అన్నయ్యా," అని పలక వెనక్కి తీసుకుంది.

జోగులు పాత పలక విప్పడానికి అప్పటికే స్క్రూడ్రైవరు తీశాడు. "ఏటప్పా, బిగించీద్దారి."

"ఒద్దు. స్టీలు మెరుస్తది. పందిట్లో ట్యూబులైట్లు పడితే కంట్లో కొడతది. మళ్ళీ సేస్తాను."

"పదకొండేళ్ళ నుంచి స్టీలే కదా! ఎవులి కంట్లోనూ కొట్టలేదు."

"ఎవులికి కొట్టిందో నీకు సెప్పారేటి? ఎల్లి మూడు టీలు సెప్పు."

జోగులు గొణుక్కుంటూ వెళ్ళాడు. అతను వెళ్ళాక ఆవిడ పెన్సిలు, చీటీ తీసుకుని, ఏదో మామూలుగా అడిగినట్టు అడిగింది.

"అన్నయ్యా, ఈ మరల్ని మీ ఊళ్ళో ఏటంటారు? ఊళ్ళో మాట సెప్పు. జోగులు మాటొద్దు."

మత్స్యరాజు ముందు మొహమాటపడ్డాడు. తర్వాత చిన్నగా నవ్వి, "మాయి మోటు పేర్లమ్మా," అన్నాడు.

"సెప్పు."

"ఇదేమో పూజారిది. ఇది పాడే ఆడోళ్ళది. ఇది డప్పు. ఇది గజ్జె, ఇది ఎక్కువైతే సెవులు గీసుకుపోతాయి. ఇది కొండ."

"కొండేటి?"

"కొండ కాడ నిలబడి కేకేస్తే మళ్ళీ వస్తాది కదమ్మా. అదే ఇది."

నూకరత్నం రాయడం ఆపి అతని మొహంలోకి చూసింది. ఎకో అన్న మాటని ఆవిడ పదకొండేళ్ళుగా చెక్కుతోంది. అదేమిటో ఒక్కసారీ ఆలోచించలేదు.

"మరి చివరిది?"

"అది కోడిపుంజు. దాన్ని పెంచితే ఊరంతా లేస్తాది."

ఆవిడ ఫక్కున నవ్వింది. అతనూ నవ్వాడు. చీటీ మీద ఆరు బొమ్మలు వేసి చూపించింది. దీపం, పువ్వు, గుండ్రటి డప్పు, మూడు గజ్జెలు, కొండ, పుంజు. మత్స్యరాజు కొండ బొమ్మని చూసి, "మా కొండకి రెండు సిగలమ్మా," అన్నాడు. ఆవిడ రెండో శిఖరం గీసింది. కళ్ళజోడు మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

పండగలో అతను కూర్చునేది మసక పందిట్లో. కళ్ళు పూజారి మీదా, ఆడేవాళ్ళ మీదా ఉండాలి. వేలికి తెలియాలి బొమ్మ. అంటే గాడి లోతుగా ఉండాలి. స్టీలు మీద పెన్ను గీరుతుందే తప్ప లోతు దిగదు. ఆవిడకి చుట్టమైన స్టీలు అక్కడితో ఆగిపోయింది.

ఆ సాయంత్రం ఇత్తడి ముక్క తీసి, తండ్రి ఉలి పెట్టి కొండ కొట్టి చూసింది. వెన్నలో దిగినట్టు దిగింది. చెయ్యి దాని కోసమే ఉన్నట్టు కదిలింది. కానీ అంత మందం ఇత్తడి పలక సెట్టుకి బిగిస్తే మైలున్నర మోసే భుజం ఏమవుతుంది? పైగా ఏజెన్సీ మంచుకి నెలతిరక్కుండా పచ్చబారిపోతుంది. "మైకుని కూడా చింతపండెట్టి తోముకుంటాడేటి?" అన్నాడు జోగులు. ఆవిడ బాధపడుతూనే ఇత్తడిని పక్కన పెట్టింది.

జోగులు డాక్టర్ల బోర్డులకి వాడే రెండు రంగుల ప్లాస్టిక్ షీటు తెచ్చాడు. పైన నలుపు గీరితే కింద తెలుపు కనిపిస్తుంది. బొమ్మలు చక్కగా వచ్చాయి. బిగించి కరెంటు పెట్టగానే సెట్టు గుయ్యిమంది. మరని వేలితో పట్టుకుంటే గుయ్యి ఇంకా పెరిగింది, వదిలితే తగ్గింది. మరల ఒంటికి ఇనుమో, రేకో తగిలి ఎర్తు అవ్వాలనీ, ప్లాస్టిక్‌కి ఆ గుణం లేదనీ జోగులు వివరించాడు.

"తెలిసి ఎందుకు తెచ్చావురా?"

"నువ్వు స్టీలొద్దన్నావని కోపమొచ్చి ఏదో ఒకటి తెచ్చాను."

ఇక మిగిలింది సత్తు, అదే అల్యూమినియం. సత్తు గిన్నెల మీద పేర్లు చెక్కమంటే ఆవిడ ఎప్పుడూ విసుక్కునేది. మెత్తటి లోహం. పెన్ను సూది దిగబడి పక్కకి లాగేస్తుంది, అక్షరం వంకర పోతుంది. కానీ ఉలికి ఆ మెత్తదనమే కావాలి. తేలిక, మంచుకి పచ్చబారదు, ఎర్తు అవుతుంది. గిన్నెల రేకు తెచ్చి మొదలుపెడితే మూడో దెబ్బకి పలక వంగిపోయింది. తుని రోడ్డులో లారీ బాడీలు కట్టే షెడ్డుకి వెళ్ళి, మూడు మిల్లీమీటర్ల సత్తు రేకు తెగ్గోసిన ముక్కల కుప్పలో గంటసేపు వెతికింది. ఒక్కో ముక్కనీ గోటితో మీటి చూసింది. ఒకే తయారీ రేకే అయినా వంచిన చోట గట్టిపడిపోయి ఉంటుంది. వంచని నడి ముక్క ఒకటి దొరికింది. షెడ్డువాడు, "ఏటమ్మా, పుచ్చకాయలు ఏరుతన్నట్టు ఏరతన్నావు," అన్నాడు.

ఆరు బొమ్మలూ కొట్టడానికి మూడు పొద్దులు పట్టింది. ఉలిని నిలువుగా పెట్టి అంచు కొట్టి, తర్వాత వాల్చి లోపలి సత్తు తీసింది. పుంజు తురాయి దగ్గర ఉలి జారబోయింది. కరెంటు పెన్ను అదురుకి కుడి వేళ్ళు కొన్నేళ్ళుగా తిమ్మిరెక్కుతున్నాయి. ఉలి దించి, వేళ్ళు పొట్టలో పెట్టుకుని వేడెక్కేదాకా కూర్చుని మళ్ళీ మొదలుపెట్టేది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

పూర్తయిన పలక చూస్తే తెల్లటి రేకు మీద తెల్లటి గాడి. వేలికి తెలుస్తోంది, కంటికి తెలియడం లేదు. పెయింటు పోస్తే సత్తు పట్టదు, పెచ్చులూడుతుంది. అప్పుడు ఏటికొప్పాక వెళ్ళింది. జోగులు సెట్లకి లేతు మిషను మీద కర్ర మరలు చెక్కిచ్చే నారాయణమూర్తి ఆ ఊరివాడే. బొమ్మల మీద లక్క ఎక్కించడంలో అతని చెయ్యి పెద్ద చెయ్యి. పలకని అటూ ఇటూ తిప్పి చూసి, "మాది కర్ర, రత్నమ్మా. తిరిగే కర్రకి లక్క ఆనిస్తే రాపిడికే కరిగి పట్టుకుంటాది. నీ రేకు తిరగదు కాబట్టి నువ్వే వేడి సెయ్యాల," అన్నాడు.

"ఎంత వేడి?"

"వేలు ఆనించి ఒకటి అనేలోగా తీసీయాల. రెండు అనగలిగితే సాల్లేదు. అసలు ఆనించలేకపోతే లక్క మాడిపోద్ది."

ఎరుపు, పసుపు, నీలం లక్క కర్రలు ఇచ్చి పంపాడు. ఆవిడ ఇంటికొచ్చి దోసెల పెనం మీద పలక పెట్టింది. మొదటిసారి పువ్వులో లక్క మాడి నల్లగా బుడగలు కట్టింది. అది గీకి తియ్యడానికి ఒక పూట పోయింది. రెండోసారి కుదిరింది. లక్క గాడిలోకి తేనెలా పారి అంచుల దాకా నిండింది. చల్లారాక పైన మిగిలింది గీకేస్తే పలక అద్దంలా సాపుగా, రంగు బొమ్మలతో నిగనిగలాడింది. జోగులు దాన్ని వెలుతురుకి అటూ ఇటూ వాల్చి చూసుకున్నాడు.

నూకరత్నం కళ్ళు మూసుకుని దాని మీద వేలు రాసింది. ఏమీ తెలియలేదు. లక్క నిండి గాడి మూసుకుపోయింది.

"దీన్ని తీసీయాల," అంది.

"నీకు పిచ్చేటప్పా? పండగ ఐదు రోజులుంది!"

"సగం తీస్తాను. అడుగున రంగుండాల, పైన అంచుండాల."

"రంగు కనబడతంది కదా. ఇంకా అంచెందుకు?"

ఆవిడ పలకని ఒళ్ళోకి లాక్కుంది. అంచెందుకో చెప్పాలంటే మత్స్యరాజు సంగతి చెప్పాలి, అది ఆవిడ బయటపెట్టేది కాదు. రెండు రోజులు సూదిమొన ఉలితో లక్కని పొరపొరగా సగం లోతు దాకా గీసి తీసింది. తర్వాత గాడి అంచు వేలిని కొయ్యకుండా సన్నటి ఎమిరీ కాగితంతో ఒక్క రాపు రాసింది. రెండో రాపు రాస్తే అంచు మొద్దుబారుతుంది కాబట్టి అక్కడ ఆపింది.

పండగకి రెండు రోజుల ముందు కమిటీ సెక్రెటరీ గోపీకృష్ణ జీపులో వచ్చాడు. ముప్పై ఏళ్ళుంటాయి, ఊళ్ళో బడి పంతులు. మత్స్యరాజు అతని వెనక నుంచి దిగాడు. జోగులు కొట్టు ముందు రెండు స్పీకరు పెట్టెలు పెట్టి సెట్టు కలిపాడు. నూకరత్నం పెన్ను ఆపుచేసి, బిందె కొన్న ఒకావిడని కాసేపు ఉండమని చెప్పి వచ్చి గుమ్మంలో నిలబడింది.

"బాబాయ్, నాను పూజారి అనుకో," అని గోపీకృష్ణ మైకు పట్టుకుని నాలుగడుగులు వీధిలోకి వెళ్ళాడు. "నా గొంతు ఎలాగుందో నువ్వే సూసుకో. నాను మద్దెలో మద్దెలో అడుగుతుంటాను."

మత్స్యరాజు పలక ముందు కూర్చున్నాడు. వేళ్ళు పలక మీద ఒకసారి ఎడం నుంచి కుడికి నడిచాయి. దీపం, పువ్వు, డప్పు, గజ్జెలు. కొండ దగ్గర వేలు ఒక్క క్షణం ఆగింది, రెండు శిఖరాల మీదుగా ఎక్కి దిగింది. తర్వాత అతను తలెత్తి గోపీకృష్ణని చూశాడు. మళ్ళీ పలక వైపు చూడలేదు.

గోపీకృష్ణ ఏదో శ్లోకం ఎత్తుకున్నాడు. కీసుమంది. మత్స్యరాజు చెయ్యి కదిలింది, కీసు పోయింది. మైకుని నోటికి మరీ దగ్గరగా పెట్టుకుంటే గొంతు బొంగురుగా మోగింది, వెంటనే డప్పు మర తగ్గింది. ఎకో కొంచెం కావాలన్నాడు, వచ్చింది. పెంచమన్నాడు, పెరిగింది. అబ్బ, ఎక్కువైందన్నాడు, మాట పూర్తయ్యేలోగా తగ్గింది. వీధిలో ఆటోవాళ్ళు ఆగి చూస్తున్నారు. గోపీకృష్ణ కావాలని గబగబా అడగడం మొదలుపెట్టాడు. ఒక్కచోటా తప్పు పడలేదు. మత్స్యరాజు కళ్ళు అతని పెదాల మీదే ఉన్నాయి. అతను నోరు తెరిచేలోపే చెయ్యి మర మీదకి వెళ్తోంది.

గోపీకృష్ణ మైకు దింపి దగ్గరకొచ్చాడు. "బాగున్నాది బాబాయ్. ఏదీ, ఓసారి నాను తిప్పుతాను," అని వంగి పలక చూశాడు. "ఇదేటి, ఒక్క అక్షరమూ నేదేటి? అన్నీ బొమ్మలే..."

అని ఆగాడు. పలక మీంచి కళ్ళెత్తి మత్స్యరాజుని చూశాడు. మత్స్యరాజు చొక్కా పై గుండీ సర్దుకుంటున్నాడు. జోగులు అప్పుడే ఏదో అర్థమైనట్టు నూకరత్నం వైపు తిరిగాడు. ఆవిడ వీధిలోకి చూస్తోంది.

గోపీకృష్ణ మైకుని పక్కన పెట్టాడు. ఎదురుగా ఉన్న స్టూలు లాక్కుని మత్స్యరాజు పక్కన కూర్చున్నాడు.

"నాకు తెలవటం నేదు బాబాయ్. ఏది దేనికో సెప్పు."

మత్స్యరాజు అతని చూపుడువేలు పట్టుకుని పలక మీద పెట్టాడు. "ఇది దీపం, పూజారిది. పొద్దున్న పూజకి ఇక్కడిదాకా సాలు. ఇది పువ్వు. పాట ఎత్తుకునే ముందు ఆడోళ్ళు సిగ్గుపడి మైకుకి దూరంగా నిలబడతారు, అప్పుడు దీన్ని ఇలాగ ఎత్తుకోవాల. రెండో చరణానికి ఆళ్ళే దగ్గరకొస్తారు, అప్పుడు దించీయాల. బేగి దించావంటే సిన్నబుచ్చుకుంటారు."

"ఇదేటి, పుంజా?"

"పుంజే. దాన్ని మాత్రం ముట్టుకోకు. పండగనాడు దాని మీద నా సెయ్యే ఉండాల."

గోపీకృష్ణ నవ్వాడు. "పండగనాడు అన్నిటిమీదా నీ సెయ్యే, బాబాయ్. పాడేరు కుర్రోడికి నాను పోన్ సేసి సెప్పీస్తాను. నాకు నేర్పుతావా మరి?"

"పక్కన కూకో, అదే వస్తాది."

ఇద్దరూ మళ్ళీ పలక మీదకి వంగారు. గోపీకృష్ణ కళ్ళు మూసుకుని వేలితో గజ్జెలు వెతుక్కుంటూ డప్పు మీద పడ్డాడు. "అటు కాదు, ఇటు," అంటూ మత్స్యరాజు అతని మణికట్టు పట్టి పక్కకి నడిపించాడు.